తిరుగుడు రెక్కల విమానము

విమానములలో గాలిపటమునకు మిక్కిలి దగ్గర చుట్టము ఒకటి కలదు. దానిని కనిపెట్టినవాడు ఆటోజైరో అని పేరు పెట్టెను. నేడు దానిని జైరోప్లేను అనియు, జైరోకాప్టరు అనియు పిలుచుచున్నారు. నెత్తిమీద పొడవైన రెక్కలు గిరగిర తిరుగుచుండుటచేత చూచువారు దానిని హెలికాప్టరు అనుకొందురు. కాని హెలికాప్టరులో ఆ రెక్కలను ఇంజను త్రిప్పును. దీనిలో ఆకాశమున నున్నంతసేపు ఇంజనుకును పై రెక్కలకును సంబంధమే లేదు. ఇంజను చేయు పని యెల్ల ఒక చిన్న పంకాను త్రిప్పి వాహనమును ముందునకు నెట్టుట. అట్లు ముందునకు పోవుచుండగా ఎదురుగాలి క్రిందినుండి పైకి రెక్కల నడుమ దూరి వానిని తానే త్రిప్పును. తిరుగు రెక్కలు వాహనమును మోయును. తాటాకు ముక్కను తుమ్మముల్లుకు గ్రుచ్చి చేతబట్టి పొలము గట్లమీద పరుగెత్తిన ప్రతి పిల్లవాడును ఈ సూత్రములో సగము నెఱిగినవాడే.

ఈ ప్రసంగమునకు కారణము దిల్‌సుఖ్‌నగరులో ఒక వసతిగృహపు మేడమీద నన్ను నిలిపి ప్రశ్నించిన ఒక విద్యార్థి. నేను చిరకాలము భౌతికశాస్త్రము బోధించినవాడను. ఆ పేటలో అట్టివానిని ఆపి ప్రశ్నలడుగు పిల్లలకు కొదువ లేదు. మలక్‌పేట గుఱ్ఱపు పందెముల మైదానము దాటి తూర్పునకు పోయినచో ఎల్.బి. నగరు కూడలి వరకు శిక్షణ కేంద్రములు, వసతిగృహములు, పుస్తకపుటంగళ్ళు, 2018 సెప్టెంబరు నుండి వాని నెత్తిపై మెట్రో రైలు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము ప్రాంతముల పిల్లలు బస్సు దిగి ఇచ్చటనే గదులు వెదకికొందురు. ఈ అబ్బాయి అట్టివారిలో నొకడు. అమెరికావారి జైరోప్లేను పటములను సంపాదించి, పాత మోటారు సైకిలు ఇంజను నొకదానిని బేరమాడి, అట్టి వాహనమును తానే కట్టి ఎగురవలెనని సంకల్పించుకొనెను. అతడడిగిన ప్రశ్నలు రెండు: "సార్, ఇది లూప్ కొడ్తదా? దీనికి లైసెన్సు తీసుకోవాల్నా?" ఇది తన్ను చంపునా యను మూడవ ప్రశ్నను అతడడుగలేదు. ఆ మూడింటికిని సమాధానము చరిత్రలోనే యున్నది కావున చరిత్రనే చెప్పుదును.

మన నగరపు తూర్పు దిక్కునకు ఎగురుటలో బొత్తిగా సంబంధము లేదనుకొనరాదు. నిజాము ప్రభుత్వము నాటి బేగంపేట విమానాశ్రయము పడమటి వైపుననున్న మాట నిజమే. 1945లో నిజాము ప్రభుత్వమును టాటాలును కలిసి స్థాపించిన దక్కను ఎయిర్‌వేస్ అచ్చటి నుండియే నడిచి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్సులో లీనమయ్యెను. 2008 మార్చిలో ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలిపోయినవి. ఐనను ఎల్.బి. నగరు నుండి నాగార్జునసాగరు పోవు బాట దాపున నాదర్‌గుల్ వద్ద ఒక చిన్న విమానక్షేత్రము కలదు. విమానము నడుపుట నేర్చుకొనువారు చిన్న విమానములతో అచ్చట చుట్టు తిరుగుచుండుటను ఆ వైపు పల్లెలవారు చిరకాలము చూచినారు. మన విద్యార్థి కన్ను పడినదియు ఆ దిక్కుననే.

ఇక అసలు కథ. దీనికి నాయకుడు హువాన్ ద లా సియెర్వ యను స్పెయిను దేశపు ఇంజనీరు. 1895లో ముర్సియా నగరమున జన్మించెను. పదునాఱు పదునేడేండ్ల ప్రాయముననే స్నేహితులతో కూడి విమానములు కట్టినవాడు. 1919లో అతడు మూడు ఇంజనుల పెద్ద విమానము నొకదానిని నిర్మించెను. పరీక్షకై ఎగిరించిన చోదకుడు నేలకు సమీపమున వేగము తగ్గించి మలుపు త్రిప్పగా, రెక్కలు గాలిమీద పట్టు తప్పి విమానము కూలిపోయెను. విమానపు రెక్కకు ఒక స్వభావము కలదు. కావలసిన వేగము లేనిచో అది మోయుట మానివేయును. పరుగు ఆగినంతనే పడిపోవు సైకిలు వంటిది. విమానము ఆగినను రెక్క ఆగకుండుట ఎట్లు? సియెర్వకు తోచిన సమాధానము సులభముగా కనబడును: రెక్కనే త్రిప్పవలయును. విమానము మెల్లగా పోయినను తిరుగు రెక్క మాత్రము వడిగానే గాలిని కోయుచుండును.

తోచుట సులభమే, చేయుట సులభము కాలేదు. అతని మొదటి మూడు యంత్రములును నేలమీదనే ఒక ప్రక్కకు ఒఱిగి పోయినవి. కారణమును గమనింపుడు. వాహనము ముందునకు పోవుచుండగా ఒక వైపు రెక్క గాలికి ఎదురుగా పోవును, రెండవ వైపు రెక్క గాలితో వెనుకకు పోవును. ఎదురు పోవు దానికి గాలి దెబ్బ ఎక్కువ, కావున మోతయు ఎక్కువ. ఒక ప్రక్క కావడి బరువై, రెండవ ప్రక్క తేలికయైనట్లు వాహనము తలక్రిందగును. సియెర్వ పేము పుల్లలతో చిన్న నమూనా చేసి ఎగురవేసినప్పుడు మాత్రము అది చక్కగా ఎగిరెను. పెద్దది ఒఱుగుచుండగా చిన్నది ఏల ఒఱుగదు? పేము వంగును గనుక! రెక్క పైకి లేచి, వంగి, అధికముగా వచ్చిన మోతను తానే వదలుకొనుచున్నది. ఈ మర్మము దొరకినంతనే అతడు పెద్ద యంత్రపు ప్రతి రెక్క మొదటను తలుపునకు వలె ఒక మడతబందును అమర్చెను. 1923 జనవరిలో మాడ్రిడు దగ్గర గెటాఫే మైదానమున, గోమెస్ స్పెన్సరు అను సైనికుడు నడుపగా, సి-4 అను ఆ యంత్రము ఎగిరెను. హెలికాప్టరు మనుష్యుని నమ్మకముగా మోయుటకు ఇంకను పదేండ్లకు పైగా పట్టినది. నేటి హెలికాప్టరులు కూడ ఈ మడతబందు ఋణమును తీర్చుకొనుచునే యున్నవని నా అభిప్రాయము.

1925లో ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో ఫ్రాంకు కోర్ట్నీ అను చోదకుడు దీనిని ప్రభుత్వాధికారుల యెదుట ఎగిరించి చూపెను. మఱుచటి ఏట సియెర్వ ఇంగ్లండులో కంపెనీ స్థాపించెను. 1927 ఆరంభమున ఆ కోర్ట్నీయే ఎగురుచుండగా ఒక రెక్క మొదలంట విఱిగినది. అతడు గాయములతో బ్రతికి బయటపడెను. రెక్కలు పైకి క్రిందికి కదలుటకు చోటున్నది గాని ముందు వెనుకలకు కదలుటకు చోటు లేక లోహము అలసి విఱిగెనని తేలినది. అప్పుడు రెండవ మడతబందు వచ్చెను. ఈ శాస్త్రములో ప్రతి మడతబందు వెనుక ఒక పతనము కలదు. 1928 సెప్టెంబరు 18న సియెర్వ స్వయముగా నడుపుచు, ఒక ఫ్రెంచి పత్రికా సంపాదకుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఇంగ్లీషు కాలువను దాటి పారిసు చేరెను. 1934లో స్పెయిను నౌక యొకదాని మీద దిగి, మరల దానిమీదినుండియే లేచి చూపెను.

నేలకు కూలని విమానమునకై జీవితము ధారపోసిన ఈ సియెర్వ 1936 డిసెంబరు 9న క్రాయిడను విమానాశ్రయమున దట్టమైన మంచులో లేచిన సాధారణ ప్రయాణికుల విమానమున మరణించెను. అప్పటికి అతనికి నలువదియొక్క ఏండ్లు.

సముద్రమున కావలి యొడ్డున దీనిని వినోదముగా మార్చినవారు అమెరికావారు. హెరాల్డు పిట్కెయిర్న్ అను ధనికుడు హక్కులు కొని పి.సి.ఏ-2 అను యంత్రమును కట్టెను. 1931లో అమెరికా ప్రభుత్వము దానికి యోగ్యతా పత్రమొసగినది. తిరుగుడు రెక్కల వాహనమునకు ఆ దేశమున లభించిన మొదటి పత్రమదియే. ఆ ఏప్రిల్ నెలలోనే ఒక ఆటోజైరో వైట్ హౌస్ పచ్చికమీద దిగినది. అదే నెల 8వ తేదీన అమీలియా ఇయర్‌హార్టు దానిలో 18,415 అడుగుల ఎత్తునకు ఎక్కెను. ఆమె అమెరికా ఖండమును దానిలో మొదట దాటుటకు సిద్ధమగుచుండగా, జాన్ మిల్లరు అను ఇరువదియైదేండ్ల యువకుడు తన సొంత సొమ్ముతో కొన్న యంత్రముతో మే నెలలోనే చడిచప్పుడు లేక దాటిపోయెను.

ఈ మిల్లరే మన విద్యార్థి మొదటి ప్రశ్నకు సమాధానము. ఊరూర జరుగు విమాన ప్రదర్శనములలో అతడు ఆటోజైరోతో గిరికీలు కొట్టి చూపెను. ఆకాశమున నిలువు చక్రముగా తిరుగుటనే లూప్ అందురు. ఆటోజైరో గిరికీ కొట్టదని నాడు అందఱును నమ్మియుండిరి. కాని అతని యంత్రమును నిదానించి చూడుడు. దానికి నెత్తిమీద నాలుగు రెక్కలు, ఒక్కొక్క దానికి వేఱువేఱు మడతబందులు, వానికి తోడు ప్రక్కలకు చాచిన మామూలు విమానపు రెక్కలు కూడ నుండెను. మన విద్యార్థి గోడకు అంటించుకొన్న పటములోని వాహనమునకు ఏతాము వలె నడుమ ఒక్క కీలు మీద ఊగు రెండు రెక్కలే కలవు. రెండింటి పేరు ఒక్కటే, వాని నడక మాత్రము ఒక్కటి కాదు. మిల్లరు 1939లో ఫిలడెల్ఫియా తపాలా కార్యాలయపు కప్పుమీదినుండి ఆటోజైరోతో ఉత్తరములు మోసెను, తరువాత చాలకాలము విమానములు నడిపి, 2008లో నూఱేండ్లు దాటిన వయస్సున కన్ను మూసెను. సాహసికుడు దీర్ఘాయువై బ్రతికెననిన, అతడు తన యంత్రపు హద్దును అంగుళములతో సహా ఎఱిగినవాడు కావలయును.

యుద్ధము వచ్చినది. ఆటోజైరోలు గాలిలో నిలకడగా నిలువలేవు; హెలికాప్టరు నిలువగలిగినది. దానితో పెద్ద కంపెనీలు ఆటోజైరోను విడనాడినవి. ఇంగ్లండులో వానిని రాడారు యంత్రముల సరిచూపునకు వాడిరి. జపానువారు సైన్యమునకై కయాబా యను పేర కొన్ని కట్టిరి. జర్మనులు చేసిన పని మాత్రము మనకు ముఖ్యము. వారు జలాంతర్గామి వెనుక మోకుతో కట్టి ఎగురవేయు ఇంజను లేని రెక్కల కుర్చీని చేసిరి. దానికి ఫాకె-ఆక్గెలిస్ 330 అని పేరు. అది అక్షరాల మనుష్యుని మోయు గాలిపటమే. పైన కూర్చున్నవాడు చుట్టునున్న ఓడలను కనిపెట్టి టెలిఫోనులో క్రిందికి చెప్పును. 1943 ఆగస్టులో మన హిందూ మహాసముద్రముననే, మడగాస్కరు సమీపమున, ఒక గ్రీకు ఓడను ఇట్లు కనిపెట్టి ముంచిరి. శత్రు విమానము కనబడినచో జలాంతర్గామి మునుగవలయును. అప్పుడు పైనున్నవాని గతి ఏమో ఊహించుకొనుడు.

యుద్ధానంతరము ఇగోర్ బెన్సెన్ అను రష్యా సంతతి ఇంజనీరు అమెరికాలో ఆ జర్మను కుర్చీనే పరిశీలించి, దానికి చిన్న ఇంజను తగిలించిన ఎట్లుండునని ఆలోచించెను. 1955 డిసెంబరులో అతని బి-7 ఎగిరినది, 1957లో బి-8 వచ్చినది. నాలుగు గొట్టములు, ఒక ఆసనము, మూడు చక్రములు, వెనుక పంకా, పైన రెండు రెక్కలు. పటములను తపాలాలో అమ్మెను. కొనుక్కొన్నవారు ఇంటి వెనుక షెడ్డులో కట్టుకొనిరి. 1962లో అట్టివారికొక సంఘమును నెలకొల్పెను. ఆటోజైరో ఆట అయినది అప్పుడే. ఇంగ్లండులో కెన్ వాలిస్ అను వైమానిక దళాధికారి ఇంతకంటె చక్కని వానిని కట్టెను. 1967లో వచ్చిన జేమ్స్ బాండు చలనచిత్రములో లిటిల్ నెల్లీ యను పసుపు యంత్రమును నడిపినది ఆయనయే. ఆ బొమ్మను చూచి జైరోప్లేనులపై మోజు పడినవారు ప్రపంచమంతట కలరు. ఆ చిత్రీకరణలో ఆకాశముననున్న ఛాయాగ్రాహకునకు హెలికాప్టరు రెక్క తగిలి కాలు పోయినదని ఎఱిగినవారు తక్కువ.

ఇచ్చట కొంచెము నిలువవలెను. పటములు చవుక, నేర్పువారు లేరు. తానే కట్టి, తానే నేర్చుకొని, తానే ఎగురుట. చనిపోయినవారు ఊరకే చనిపోలేదు, దాదాపు ఒక్క రీతినే చనిపోయిరి. 1970 సెప్టెంబరులో ఫార్న్‌బరో ప్రదర్శనమున వాలిస్ రూపొందించిన యంత్రమును నడుపుచు కూలినవాడు క్రొత్తవాడు కాడు, పేరెన్నిక గన్న విమాన పరీక్షకుడు. మామూలు విమానమున ఆరితేరిన చేయియే జైరోప్లేనులో శత్రువగుట పలుమారులు జరిగినది.

కారణమును గాలిపటముతో చెప్పుదును. సంక్రాంతినాడు సరూర్‌నగరు మేడలమీద పతంగులెగురవేయు పిల్లలకు ఢీల్ ఇచ్చుట తెలియును. దారము బిగువుగా నున్నంతసేపు పతంగి గాలిమీద నిలుచును. దారము ఒక్కసారి వదులైనచో అది రెపరెపలాడి తలక్రిందగును. జైరోప్లేనునకు దారము లేదు. దాని బరువే దారము. బరువు క్రిందికి లాగుచుండగా గాలి క్రిందినుండి రెక్కలలోనికి దూరి వానిని త్రిప్పును. చోదకుడు చేతికఱ్ఱను ఒక్కసారిగా ముందునకు నెట్టినచో, ఉయ్యాల కొసలో కడుపు తేలిపోయినట్లు, బరువు క్షణకాలము మాయమగును. క్రిందినుండి గాలి రాదు. రెక్కల వేగము సడలును. సడలిన రెక్కలు ఇష్టము వచ్చినట్లు ఊగి తోకను గాని పంకాను గాని కొట్టును. అంతలో వెనుకనున్న పంకా బరువు కేంద్రమునకంటె ఎత్తుగా అమర్చియున్నచో ముక్కును ఇంకను క్రిందికి త్రోయును. హెలికాప్టరులోనైనచో రెక్కలను మరల త్రిప్పుటకు ఇంజను ఉన్నది. ఇచ్చట గాలి తప్ప వేఱు దిక్కు లేదు, గాలియే పోయినది. ఒకసారి వేగము పోయిన రెక్కను ఆకాశమున మరల రాబట్టుట అసాధ్యము. ఇంజను ఆగినను మెల్లగా దిగునని ప్రసిద్ధి కెక్కిన వాహనమే ఒక్క తొందరపాటు కదలికకు రాయివలె పడును. ఆ రెండును నిజమే. మొదటి నిజమును మాత్రమే ప్రకటనలు చెప్పినవి.

నేను ఈ మాట చెప్పగా మన విద్యార్థి కొంతసేపు ఊరకుండి, "మరి మిల్లరు ఎట్ల కొట్టిండు సార్?" అనెను. మంచి ప్రశ్న. చక్రము తిరుగునప్పుడు బరువు ఎల్లప్పుడును ఆసనము వైపే పడునట్లు వేగమును కాపాడుకొన్నచో రెక్కలలో గాలి ఆగదు. చెంబు నిండ నీళ్ళు పోసి చేతితో గిరగిర త్రిప్పినచో నీళ్ళు ఒలుకనట్లే. కాని శిఖరమున వేగము రవంత తగ్గెనా, నీళ్ళు ఒలికినట్లే. చెంబు ఒలికినచో చొక్కా తడియును, అంతే. ఇందువలననే నేటి తయారీదారులు తమ జైరోప్లేనులతో గిరికీలు కొట్టరాదని చోదకుని పుస్తకములోనే నిషేధించుచున్నారు.

లైసెన్సుల కథ ఈ మరణములనుండి పుట్టినదే. ఇంగ్లండులో ప్రమాదములు పెచ్చుపెరుగగా విమానయానాధికారులు గ్లాస్గో విశ్వవిద్యాలయమువారిచే పరిశోధన చేయించిరి. బరువు కేంద్రమును పంకా త్రోపు గీతయు ఒకదాని కొకటి ఎంత ఎత్తున నున్నవను నదియే స్థిరత్వమునకు మూలమని వారు తేల్చిరి. ఆ ఫలితము నిర్మాణ నియమములలో చేరినది. చోదకులకు ప్రత్యేకముగా జైరోప్లేను లైసెన్సు, దానికి గురువు ప్రక్కన కూర్చుండి నేర్పు శిక్షణ ఏర్పడినవి. అమెరికాలో 2004లో క్రీడా చోదకులకు క్రొత్త లైసెన్సు పద్ధతి వచ్చినది. అదే కాలమున ఇటలీ, జర్మనీ దేశముల కంపెనీలు ఇద్దఱు కూర్చుండు వాహనములు తయారుచేసినందున గురువునకు చోటు దొరకినది. ఇద్దఱు పట్టు ఆసనమే ఈ క్రీడను ఎక్కువగా కాపాడినదని నేను తలంతును. పాతకాలమున ఒంటరి కుర్చీయే గురువు, అదియే పరీక్షాధికారి, తప్పినవానిని శిక్షించినదియు అదియే.

మన దేశమున 1934 నాటి విమానముల చట్టమును, 1937 నాటి నియమములును చిరకాలము చెల్లినవి. 2024లో ఆమోదింపబడిన భారతీయ వాయుయాన అధినియమము ఆ పాత చట్టము స్థానమున 2025 జనవరి 1 నుండి అమలునకు వచ్చినది. పేరు మారినను మూలసూత్రము మారలేదు: మనుష్యుని మోసి ఎగురు యంత్రము నమోదు కావలయును, నడుపువానికి లైసెన్సు ఉండవలయును. ఇంటి మేడమీద కట్టినంతమాత్రమున అది గాలిపటము కాజాలదు. 2023 డిసెంబరులో హరిద్వారమున ఉత్తరాఖండు పర్యాటక శాఖవారు జర్మనీ నుండి తెచ్చిన జైరోప్లేనులతో విహారము ఆరంభించిరి. మన తెలుగునాట ఈ క్రీడకు ఇంకను నిలకడైన నెలవు ఏర్పడవలసి యున్నది. జనసమ్మర్దము పెరిగి ఎల్.బి. నగరు నుండి సాగరు బాట పొడవునను ఇండ్లు లేచిన ఈ కాలమున, లైసెన్సు ఎగురువానికొఱకే కాదు, క్రింద బట్టలు ఆరవేసికొను తల్లికొఱకు కూడ.

"లైసెన్సు కాగితమే కద సార్" అని ఆ అబ్బాయి అన్నందుకు నేను నార్మన్ సర్‌ప్లస్ కథ చెప్పితిని. ఉత్తర ఐర్లండువాడైన ఆయన క్యాన్సరు వ్యాధినుండి కోలుకొనుచు జైరోప్లేనులో భూప్రదక్షిణము చేయ సంకల్పించెను. 2010 మార్చిలో లార్న్ పట్టణమునుండి బయలుదేరెను. థాయిలాండులో ఒక జలాశయమున పడి, యంత్రమును బాగుచేసికొని, జపాను చేరెను. అచ్చట రష్యా వారి అనుమతి రాలేదు. తుపానుకు గాని మంచుకు గాని లొంగని ప్రయాణము ఒక కాగితము లేక ఏండ్లకొలది ఆగిపోయినది. యంత్రమును అమెరికాకు ఓడలో పంపి, 2015లో అట్లాంటిక్ మహాసముద్రమును దాటి స్వదేశము చేరెను. 2019లో ఎట్టకేలకు అనుమతి దొరకగా రష్యామీదుగా ఎగిరి, విడిచిన భాగమును పూర్తిచేసి, జూను 28న అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రమున దిగెను. బయలుదేరి తొమ్మిదేండ్ల మూడు నెలలు.

మన విద్యార్థి ఇప్పటికిని పటములు గీయుచునే యున్నాడు. మొన్న నాకు చూపిన పటములో పంకాను జానెడు క్రిందికి దింపి, బరువు కేంద్రమునకు సరిగా అమర్చినాడు. ఆసనములు రెండు గీచినాడు. మోటారు సైకిలు ఇంజను బేరము మాత్రము మానుకొనినాడట. గురువు దొరకు చోటును, అందుకగు రుసుమును విచారించుచు జాబులు వ్రాయుచున్నాడు.